మా బావ సముద్రం దాటిన విధం

మా బావ తెరచాప పడవలో సముద్రం దాటాడని హిందూపురంలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. దాటిన మాట అబద్ధం కాదు. బస్సులో గుర్రుపెట్టి నిద్రపోయినవాడు కూడా తెల్లారేసరికి బెంగుళూరు చేరతాడు. ఆయనా అట్లాగే చేరాడు. ఆ పడవలో ఉన్నది ముగ్గురమే: బావ, మా అక్క, నేను.

బావది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం చేసే ఇల్లు. తొంభైల్లో హిందూపురం వచ్చి నూలు మిల్లు పెట్టాడు. అది కలిసొచ్చింది. కలిసొచ్చిన ప్రతిదీ తన తెలివేననీ, కలిసిరానిది పక్కవాడి తప్పనీ నమ్మే మనిషి. మొదట గుర్రం కొన్నాడు. అది ఆయన్ని మిల్లు గేటు ముందే కింద పడేసింది. గుర్రానికి శిక్షణ సరిగా లేదని అమ్మేశాడు. తర్వాత టెలిస్కోపు కొని మేడమీద పెట్టాడు. దాంట్లో నుంచి ఆయన శ్రద్ధగా చూసింది ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు ఎప్పుడు నిండుతోందన్నదే. రెండువేల సంవత్సరం దాటాక ఏదో పనిమీద కొచ్చి పోయినప్పుడు, ఒక విదేశీయుడు అమ్మకానికి పెట్టిన తెరచాప పడవ కనబడింది. ఈత కూడా రానివాడు దాన్ని కొని ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆఫ్రికా పక్కన సీషెల్స్ దీవుల దాకా పోతాండాం," అన్నాడట అక్కతో. "మన జిల్లాలో ఎవడూ పోలేదు."

మన జిల్లాలో సముద్రమే లేదని అక్క గుర్తుచేస్తే ఫోన్ పెట్టేశాడట.

అక్కా నేనూ పెనుకొండలో పుట్టాం. అక్కకు అక్కడి బ్యాంకులో ఉద్యోగం. పెళ్ళయి హిందూపురం వెళ్ళాక కూడా రోజూ బస్సులో పెనుకొండ వచ్చిపోయేది. నేను సరుకుల ఓడల్లో కరెంటు పని చేసేవాణ్ణి. కొన్ని నెలలు నీళ్ళమీద, మిగిలిన నెలలు పెనుకొండలో నాయన దగ్గర. ఓడలో పనిచేస్తాను కాబట్టి తెరచాప పడవ గురించి నాకు అంతా తెలుసని బావ తేల్చేశాడు. లారీ క్లీనరుకు ఎద్దులబండి తోలడం తెలుసు అన్నట్టుంది ఆ లెక్క. శిక్షణలో ఉన్నప్పుడు కొన్నాళ్ళు చిన్న చిన్న తెరచాప పడవలు నడిపాను, నిజమే. దారి లెక్క కట్టడం వచ్చు. అంతకుమించి నాకేమీ రాదు.

నేర్పించడానికి కొచ్చిలో ఒక పెద్దాయన్ని కుదుర్చుకున్నాడు బావ. తెల్లవాళ్ళ పడవలు ఎన్నో సముద్రం దాటించిన మనిషి. సెలవు దొరికినప్పుడల్లా ముగ్గురం కొచ్చి పోయి ఆయన దగ్గర నేర్చుకున్నాం. నేర్చుకున్నామంటే, అక్క నేర్చుకుంది, నేను ఉన్నది కాస్త పదును పెట్టుకున్నాను, బావ ఫోటోలు దిగాడు. చెంపకు తగిలే గాలిని బట్టి చుక్కాని ఎంత తిప్పాలో అక్కకు కొద్దిరోజుల్లోనే పట్టుబడింది. బావ చక్రం పట్టుకుంటే పడవ తాగినవాడి సైకిలులాగా పోయేది. గాలి బాగాలేదనేవాడు.

బయలుదేరే ముందురోజు, మాతో రావాల్సిన పెద్దాయనకూ బావకూ గొడవ జరిగింది. పడవలో ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే మిషను ఉంది కాబట్టి ట్యాంకు సగమే నింపితే చాలన్నాడు బావ, పడవ తేలిగ్గా పోతుందట. పెద్దాయన ఒప్పుకోలేదు. ఇంకో సంగతి అంతకన్నా ఘోరం. స్టీరింగు చక్రం పనిచేయకపోతే చుక్కాని తిప్పడానికి ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. అది కనబడలేదు. వెతికితే, బావ దాన్ని తీయించి ఒడ్డున గోడౌన్లో పెట్టించాడని తేలింది. దాని చోటులో పొడుగాటి ఫ్లెక్సీ బ్యానర్ చుట్ట ఉంది. హిందూపురంలో అచ్చు వేయించినది. నిలువెత్తు బావ, తలమీద కెప్టెన్ టోపీ, వెనక సముద్రం. సీషెల్స్ దిగాక పట్టుకుని నిలబడటానికి.

పెద్దాయన ఆ చుట్టను చూశాడు, బావను చూశాడు, తన సంచి తీసుకుని ఒడ్డుకు దిగిపోయాడు.

"పోతే పోనీప్పా," అన్నాడు బావ. "ముసలోడు. భయం."

ప్రయాణం ఆగుతుందనే అనుకున్నాను. అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఆయప్ప ఆగేరకమా? మిల్లులో అందరికీ చెప్పుకున్యాడు. ఒక్కణ్ణే పంపిస్తే రేపు ఆయప్ప వాళ్ళమ్మకు నేనేమి జవాబు చెప్పల్ల? నువ్వొస్తే నేనూ వస్తా."

భర్తమీద ప్రేమతో అన్న మాట కాదది. ఆమెకు సముద్రం మీదికి పోవాలని ఉంది, అంతే. అది దాచుకోవడానికి అత్తను అడ్డం పెట్టుకుంది. తెలిసే ఒప్పుకున్నాను. ఆ రోజు పట్టుబట్టి ట్యాంకులో ఇంకాస్త నీళ్ళు పోయించాను, కొన్ని క్యాన్లు ఎక్కించాను. కడ్డీ కోసం గోడౌనుకు పోతే తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్నవాడు పెళ్ళికి పోయాడు. మరునాడు పొద్దున అతని కోసం ఆగనని బావ తాళ్ళు విప్పించేశాడు.

మొదటి రోజులు బాగున్నాయి. చలికాలం గాలి వెనకనుంచి నిలకడగా తోసింది. ఆటోపైలట్ మిషను చక్రాన్ని తనే తిప్పుకుంటుంటే బావ కెప్టెన్ టోపీ పెట్టుకుని కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. ఫ్రిజ్‌లో చల్లటి మజ్జిగ. చిన్న టేప్ రికార్డరు ఒకటి ముందు పెట్టుకుని తన అనుభవాలు చెప్పుకునేవాడు, ముందుముందు పుస్తకం వేయించడానికట. "ఈ రోజు సముద్రుడు నన్ను పరీక్షిస్తున్నాడు," అని ఒకసారి నా చెవులతో విన్నాను. అప్పుడాయన పల్లీలు తింటున్నాడు.

ముందు చచ్చింది ఆటోపైలట్. ఉప్పునీళ్ళు లోపలికి పోయి బోర్డు పచ్చబడిపోయింది. బావ దాన్ని చెప్పుతో రెండు దెబ్బలు కొట్టాడు. ఆయన వైద్యం అక్కడితో అయిపోయింది. నేను విప్పి, తుడిచి, ఎండబెట్టి, మళ్ళీ బిగించాను. ఒకసారి గుర్రుమని మళ్ళీ ఆగిపోయింది. ఇక చేత్తోనే నడపాలి. ముగ్గురం వంతులు వేసుకున్నాం. బావ వంతు అయ్యాక దారి చూస్తే మేము తిరిగి కేరళ వైపు పోతున్నామని తెలిసింది.

"దిక్సూచి తప్పు చూపిస్తాండాది," అన్నాడు.

తర్వాత ఇంజను. తెరచాపలతోనే పోతున్నా, బ్యాటరీలు నింపడానికి రోజూ కాసేపు ఇంజను నడపాలి. ఒకరోజు అది వేడెక్కి ఆగిపోయింది. విప్పి చూస్తే, చల్లార్చడానికి సముద్రపు నీళ్ళు లాగే పంపులో రబ్బరు రెక్కలు తునకలైపోయి ఉన్నాయి. మారుస్తామంటే బావ తెచ్చిన కొత్త రబ్బరు సైజు వేరు. "అన్నీ ఒకటే అనుకున్యా," అన్నాడు. నా చెప్పు అడుగు కోసి రెక్కలు చేయబోయాను. అది తిరిగిందీ లేదు, నీళ్ళు లాగిందీ లేదు. నా పనితనం కూడా అంతంతమాత్రమేనని ఇక్కడ చెప్పుకోవాలి. దాన్ని బిగిస్తూ ఒక బోల్టు విరగ్గొట్టాను కూడా.

ఇంజను లేకపోతే బ్యాటరీ లేదు, బ్యాటరీ లేకపోతే నీళ్ళ మిషను లేదు. ఈ సంగతి బావకు చెప్పాను. ఆ రాత్రంతా ఆయన ఫ్రిజ్ ఆన్‌లోనే పెట్టుకున్నాడు. మజ్జిగ పులుస్తుందట. పొద్దునకు బ్యాటరీలు ఖాళీ. మిగిలింది చిన్న సోలార్ పలక ఒక్కటే. దగ్గరి ఓడలతో మాట్లాడే చేతి రేడియోను కొద్దికొద్దిగా నింపడానికి అది సరిపోయేది.

అక్క ట్యాంకు మూత తీసి కర్ర దించి చూసింది. హిందూపురంలో కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని వీధిలో కాపురం చేసిన మనిషి. ఒక చెంబు తీసి, మనిషికి రోజుకు ఇంత అని గీత గీసింది. వంటకు సగం సముద్రపు నీళ్ళు, స్నానానికి మొత్తం సముద్రపు నీళ్ళు. మరునాడు పొద్దున బావ మంచినీళ్ళతో గడ్డం గీసుకుంటుంటే పట్టుకుంది.

"ఏమప్పా, ఈడ నీ ముఖం ఎవరు చూస్తారని?"

"నాకొక పద్ధతి ఉండాది."

"పద్ధతి హిందూపురంలో పెట్టుకో. మగ్గు ఈడ పెట్టు."

పెట్టాడు. దారి చూపే చిన్న జీపీఎస్ పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది కాబట్టి అదొక్కటి పనిచేస్తుందని నేను ధైర్యంగా ఉన్నాను. సెల్లుల డబ్బా తెరిచి చూస్తే సగానికి పైగా ఖాళీ. సముద్రుడు పరీక్షించిన వైనమంతా మా సెల్లులమీదే టేపులోకి ఎక్కింది. ఆయన్ని సముద్రంలోకి తోసేయాలని నాకు నిజంగా అనిపించిన రోజు అది. టేప్ రికార్డరు లాక్కుని బట్టల అడుగున దాచాను. ఆ రోజునుంచి జీపీఎస్ మధ్యాహ్నం ఒక్కసారే పెట్టి, ఎక్కడున్నామో రాసుకుని, వెంటనే ఆపేసేవాళ్ళం.

స్టీరింగు తీగ తెగింది ఒక తెల్లవారుజామున. అక్క చక్రం దగ్గర ఉంది. కింద వంట మొదలుపెడుతున్న నాకు టప్పుమని చప్పుడు వినబడింది. పడవ పక్కకు తిరిగి అలకు అడ్డంపడింది. గిన్నెలు, బియ్యం, నేను, అన్నీ ఒక మూలకు జారిపోయాం. పైకి వచ్చేసరికి అక్క ఒట్టి చక్రాన్ని గిరగిరా తిప్పి చూపిస్తోంది.

"దీనికీ దానికీ సంబంధం లేదబ్బా ఇప్పుడు!"

ముందు పెద్ద తెరచాప దించాం. కడ్డీ ఉంటే ఆ క్షణంలో తగిలించేవాళ్ళం. కడ్డీ కొచ్చిలో ఉంది. చుక్కాని ఇరుసు తల నాలుగు పలకలుగా పైకి తేలి ఉంటుంది. దానికి నా పెద్ద పైపు పానా బిగించి, పానాకు ఒక పొడుగాటి కర్ర కట్టాను. పానా ప్రతి పెద్ద అలకూ జారేది. జారినప్పుడల్లా బిగించాలి. ఒకరు బిగించడానికి, ఒకరు తిప్పడానికి, ఇద్దరం ఉండాల్సిందే. బావ మాత్రం ఆ ఉదయం లైఫ్ జాకెట్ రెండు తొడుక్కుని, ఒకటి తనది, ఒకటి అక్కది, పరుపుమీద కూర్చుని "రక్షించండప్పా, ఎవరన్నా రక్షించండి" అంటూ ఏడ్చాడు. ఏడ్చినందుకు నేను తప్పు పట్టను, నాకూ ఏడుపు వచ్చింది. రెండో జాకెట్ సంగతే మరవలేను.

తెగిన తీగ స్థానంలో తెరచాప తాడు వేసి చక్రాన్ని తిరిగి పనిచేయించడానికి చాలా పట్టింది. తాడు సాగుతుంది. పూటపూటకూ బిగించాలి. ఐనా నడిచింది.

భూమధ్యరేఖ దగ్గరికి వచ్చేసరికి గాలి చచ్చిపోయింది. సముద్రం నూనె పోసినట్టుగా ఉంది. తెరచాప ఊరికే అటూ ఇటూ కొట్టుకుంటోంది. నీళ్ళ ట్యాంకులో కర్రకు తడి అంటుకోవడం కూడా కష్టమైంది. క్యాన్లలో కొద్దిగా మిగిలింది. పెదవులు పగిలిపోయాయి. ఆ మధ్యాహ్నం సరుకుల ఓడ ఒకటి కనబడింది. మావైపే వస్తోంది.

నేను ఇంజను దగ్గర విరిగిన బోల్టుతో కుస్తీ పడుతున్నాను. అక్క వెనక చక్రం దగ్గర ఉంది. బావ చేతి రేడియో తీసుకుని పడవ ముందు కొనకు పరుగెత్తాడు. పోనీ, ఈయన ఏడ్చినదానికి ఇప్పుడొక ప్రయోజనం దొరికిందనుకున్నాను. మాటలన్నీ నాకు కిందికి వినబడుతున్నాయి.

ఓడవాళ్ళు ఇంగ్లీషులో పలకరించారు. బావ ఉచ్చారణ వినగానే అవతలి గొంతు నవ్వింది.

"తెలుగువారాండీ? మాది కాకినాడండీ. ఇంత చిన్న పడవలో ఇక్కడేం చేస్తున్నారండీ? ఏమైనా సహాయం కావాలా? మంచినీళ్ళు, డీజిల్, ఏమైనా పంపమంటారా?"

తర్వాత మా బావ గొంతు, మిల్లు వార్షికోత్సవంలో ఉపన్యసించే గొంతు వినబడింది.

"ధన్యవాదాలు. మా దగ్గర అన్ని ఆధునిక సౌకర్యాలు ఉన్నాయి. మంచినీళ్ళ మిషను కూడా ఉన్నది. మేము స్వయంగానే ప్రయాణం పూర్తి చేస్తాము. మీరు కాకినాడలో మా గురించి చెప్పండి."

"తప్పకుండా అండీ! శుభమండీ!"

నేను నూనె చేతులతో పైకి ఎక్కేసరికి ఓడ పక్కకు తిరుగుతోంది. రేడియో లాక్కుని నొక్కాను. ఉన్న కాస్త ఛార్జింగు ఆ ఉపన్యాసానికే సరిపోయింది. దీపం ఒకసారి మెరిసి ఆరిపోయింది. చొక్కా విప్పి ఊపాను. ఓడ అంచున ఎవరో తిరిగి చెయ్యి ఊపారు, వీడ్కోలు అనుకుని.

అక్క చక్రం వదిలి ముందుకు వచ్చింది.

"ఏమన్యావు వాళ్ళతో?"

"తెలుగోళ్ళు. కాకినాడోళ్ళు. వాళ్ళ దగ్గర అడుక్కోమంటావా? రేపు ఊరంతా చెప్పుకుంటారు, నీళ్ళు అడుక్కున్యాడని."

అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె గొంతు అంత నెమ్మదిగా నేను వినలేదు.

"ఇంక ఈ పడవలో నువ్వు ఏదీ ముట్టుకోవద్దు. తాడు ముట్టుకోవద్దు, చక్రం ముట్టుకోవద్దు, నీళ్ళు నేను పోసిందే తాగల్ల. గమ్మున కూర్చో."

గమ్మున కూర్చున్నాడు. నాకు ఇంకా అసహ్యం పుట్టించింది అదే. సిగ్గు కూడా పడలేదు. బరువు దిగినవాడిలా నీడలో పడుకుని నిద్రపోయాడు.

మర్నాడో, ఆ మర్నాడో మొబ్బు పట్టింది. అక్క అప్పటికే వానకు సిద్ధంగా ఉంది. బ్యానర్ చుట్ట బయటికి లాగి, నాలుగు కొసలూ తాళ్ళతో కట్టి, మధ్యలో పల్లం పడేట్టు వేలాడదీసింది. వాన కొట్టుకొచ్చింది. మొదట పడ్డ నీళ్ళు ఉప్పగా ఉంటే పారబోశాం. తర్వాత బావ నవ్వు ముఖం మీదుగా, కెప్టెన్ టోపీ మీదుగా మంచినీళ్ళు కారి బకెట్లోకి, బకెట్లోనుంచి ట్యాంకులోకి పోయాయి. అక్క తల పైకెత్తి నోరు తెరుచుకుని నిలబడి నవ్వింది. ఆమె అట్లా నవ్వడం చిన్నప్పుడు చూసిందే. ఆ ఫ్లెక్సీకి అయిన ఖర్చు ఒక్కటే ఆ ప్రయాణంలో దండగ కాలేదు.

వానతో పాటు గాలి వచ్చింది, ఈసారి వేరే దిక్కునుంచి. సాగే తాడు బిగించుకుంటూ, చిరిగిన ముందు తెరచాపను కుట్టుకుంటూ, రోజులో ఎక్కువ భాగం అక్కే నడిపింది. చివరికి ఒక ఉదయం కొండలు కనబడ్డాయి, పచ్చగా, మన పక్క కొండల్లా బోడిగా కాకుండా. బావ లేచి, వాననీళ్ళతో గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని, రేవులో అందరూ చూసేచోట చక్రం దగ్గరికి వచ్చాడు. అక్క తప్పుకుంది. ఆమె అలిసిపోయింది. బావ పడవను సూటిగా రేవుగోడ వైపు పోనిచ్చాడు. కట్టమీదున్న వాళ్ళు కాళ్ళతో తోసి ఆపారు. ఆ క్షణంలో తీసిన ఫోటోయే తర్వాత హిందూపురం పేపర్లో వచ్చింది.

పడవను అక్కడే అమ్మి, విమానంలో తిరిగొచ్చాం.

హిందూపురంలో కళ్యాణమండపంలో సన్మానం పెట్టారు. శాలువాలు, పూలదండలు, ఊళ్ళో పెద్దలు. బావ మైకు పట్టుకుని తుపానులు చెప్పాడు, తిమింగలాలు చెప్పాడు. మేము తుపాను చూడలేదు, తిమింగలం అసలే చూడలేదు. చివర్లో ముందు వరుసలో ఉన్న ఒక పెద్దమనిషి లేచి, "నీళ్ళు ఎట్లప్పా అన్ని రోజులు?" అని అడిగాడు. బావ నోరు తెరిచేలోగా ఆడవాళ్ళ వరుసలోనుంచి అక్క లేచింది.

"నీళ్ళు అయిపోయినాయి. ఓడోళ్ళు వచ్చి నీళ్ళిస్తామన్యారు. ఈయప్ప వద్దన్యాడు. అడుక్కోవడం నామోషీ అని. మేము చచ్చేవాళ్ళం."

ఇప్పుడన్నా తెలిసొస్తుందని నేను కాచుకున్నాను. వేదికమీది నాయకుడు ఒకాయన మైకు అందుకుని, "చూశారా! ప్రాణం పోయినా ఎవరిముందూ చెయ్యి చాపలేదు. ఇదీ మన రాయలసీమ పౌరుషం!" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. లేచి నిలబడి కొట్టారు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. నా పక్కనున్నవాడు నా భుజం తట్టాడు. అక్కను ఆడవాళ్ళు చుట్టుముట్టి, అదృష్టవంతురాలివమ్మా అన్నారు.

అక్క వాళ్ళ మధ్యలోనుంచి బయటికి నడిచింది. నేనూ వెనకే వచ్చాను. చెప్పులేసుకుంటూ, "బస్టాండుకు పోదాం పా," అంది. పెనుకొండ బస్సులో ఇద్దరం కిటికీ పక్కన కూర్చున్నాం. నాయన తలుపు తీసి ఇంతలోనే ఎట్లొచ్చినారని అడిగితే, "బ్యాంకుకు దగ్గరని," అంది.

అప్పటినుంచి అక్కడే ఉంది. విడాకులూ లేవు, కాపురమూ లేదు. బావ ఆదివారాలు కారులో వచ్చి వరండాలో కూర్చుంటాడు. అక్క కాఫీ ఇచ్చి లోపలికి పోతుంది. వీధిలో ఎవరన్నా ఆగి సముద్రం గురించి అడిగితే ఆయన మొదలుపెడతాడు. అక్క అడ్డం చెప్పదు.

"చెప్పు అక్కా, ఒక్కసారన్నా చెప్పు," అని ఒక ఆదివారం నేను కోపంగా అన్నాను.

"చెప్తే ఏమైంది, చూడ్లేదా?" అంటూ ఆమె చాటలో బియ్యం ఏరుకుంది. "నాకు డిసెంబర్లో సెలవు దొరుకుతాది. కొచ్చి పెద్దాయన గోవా దాకా పడవ తీసుకుపోతాడంట, మనిషి కావల్లంట. రైలు ధర్మవరం నుంచి ఉండాదేమో చూడు."

ఉంది. టికెట్ నేనే తీసిచ్చాను.